నీటినీడ

సోమవారం ఉదయం పది గంటలకు కామారెడ్డిలోని ఆ ఇంజనీరింగు కళాశాల సెమినారు హాలులో ఉపస్థితులైనవారు ఈ క్రమంలో ఆసీనులయ్యారు. మొదటి వరుస నడిమి కుర్చీలో హైదరాబాదు నుంచి ఆహ్వానంపై వచ్చిన ఆచార్య స్వామిదాసు. ఆయనకు కుడివైపున ప్రిన్సిపాలు. ఎడమవైపున కంప్యూటరు విభాగాధిపతి. ఆ వరుస చివర, ఉపన్యాసానికి లేవడం సులువుగా ఉండేచోట, డాక్టర్ అరుణ్‌కుమార్. రెండో వరుసలో అధ్యాపకులు. మూడో వరుసలో ఎం.టెక్. రెండో సంవత్సరం విద్యార్థులు. వారిలో గోడపక్కన మొదటి కుర్చీలో భీమేష్, మూడో కుర్చీలో రాజశ్రీ. రెండేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్న ఆ ఇద్దరి మధ్య ఆనాడు ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఎందుకని రాజశ్రీ కళ్లతోనే అడిగింది. భీమేష్ తన మెడలోని గుర్తింపు కార్డును తిప్పి, వెనకవైపు ఉన్న నిబంధనలను కొత్తగా చదువుతున్నవాడిలా చదువుకున్నాడు.

వేదికపైని బ్యానరు, వర్తమాన నెట్‌వర్కుల మీదా రాబోయే నెట్‌వర్కుల మీదా వారం రోజుల కార్యశాల అని చెబుతోంది. తొలి ఉపన్యాసం రాజశ్రీ, భీమేష్‌ల థీసిస్ మార్గదర్శకుడు అరుణ్‌కుమార్‌ది. ఆయన మాట్లాడితే వినబుద్ధవుతుంది. పోచారం జలాశయం నుంచి ఎల్లారెడ్డి పొలాలకు వచ్చే కాలువ మీద తొమ్మిది తూములకు తొమ్మిది చిన్న పెట్టెలు అమర్చామని, పది నిమిషాలకొకసారి ఒక్కొక్క పెట్టె నీటిమట్టాన్ని కొలిచి రేడియో ద్వారా పక్క పెట్టెకు చెబుతుందని, అది తన పక్కదానికి చెబుతుందని, అలా చేతులు మారిన సందేశం చివరికి కళాశాలకు చేరుతుందని వివరించారు. ఫోను సిగ్నలు అందని అడవి అంచున తీగ లేకుండా, సిమ్ము లేకుండా, ఒక్క బ్యాటరీతో ఏడాది నడిచే ఏర్పాటు అది.

తెరమీద ఒక ఛాయాచిత్రం పడింది. ఇనుప స్తంభం, దానిపై బూడిదరంగు పెట్టె, పెట్టెపై బెత్తెడు పొడవున్న నల్లని యాంటెన్నా. పెట్టెను స్తంభానికి పట్టి ఉంచిన నాలుగు వేళ్లు. చిత్రం ఆ వేళ్ల దగ్గర ఆగిపోయింది. ఆ వేళ్లు తనవేనని రాజశ్రీకి తెలుసు. చూపుడువేలి పక్కన కత్తెర మచ్చ. చిన్ననాడు తల్లి పక్కన కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తుంటే పడినది. అసలు చిత్రంలో ఆ వేళ్లకు చెయ్యి, చేతికి మనిషి ఉన్నారు. తీసింది భీమేష్.

"ఈ తొమ్మిదింటిలో ఏడో పెట్టె ఒక వింత చేస్తుంది" అని అరుణ్‌కుమార్ చిరునవ్వు నవ్వారు. "ఎనిమిది రోజులకొకసారి మూగబోతుంది. సరిగ్గా ఆ తూము కింది రైతులకు నీటి వంతు వచ్చే రోజున. కాలువ నిండుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, రేడియో తరంగం ఆ తేమలో నీరసిస్తుంది. దీనికి నేను పెట్టిన పేరు, నీటినీడ. నీడ ఎప్పుడు పడుతుందో ముందే లెక్కగట్టి, ఆ రోజు సందేశాలను వేరే దారిన మళ్లించే పద్ధతిని మా వ్యాసంలో ప్రతిపాదించాం. గత నెలలోనే అచ్చయింది."

వ్యాసం మొదటి పుట తెరమీదికి వచ్చింది. రెండు పేర్లున్నాయి. మొదటిది ఆయనది. రెండోది భీమేష్‌ది.

చప్పట్లు మోగాయి. తన చేతులు కూడా రెండుసార్లు ఒకదానికొకటి తగిలాయని రాజశ్రీ ఆ తర్వాత గమనించింది. నీటినీడ అన్న మాటను దసరా ముందు ఒక మధ్యాహ్నం ఆయన గదిలో, ఆయన మార్కరుతో, ఆయన బోర్డు మీద ఆమె రాసింది. "మాట బాగుంది" అని ఆయన మూడు రోజులు ఆ బోర్డు తుడవనివ్వలేదు.

తేనీటి విరామంలో, ఆ వ్యాసాన్ని ఫోనులో చివరిదాకా చదివి, ఆమె వరండాలో ఆయన ముందు నిలబడింది. ఆయన ఉస్మానియా బిస్కెట్టును సరిగ్గా సగానికి విరిచి, ఒక సగం సాసరులో పెట్టారు.

"సార్, నా పేరు లేదు."

"పేర్లకు కొన్ని నియమాలుంటాయి, రాజశ్రీ. ఆలోచనను పండించినవాడు రచయిత. నువ్వు సమాచారం సేకరించావు. అందుకు వ్యాసం చివర కృతజ్ఞత చెప్పాను కదా."

"క్షేత్ర సహాయకులకు అని ఉన్నది సార్. ఆడ కూడ నా పేరు లేదు."

"చదివావన్నమాట." ఆయన రెండో సగాన్ని టీలో ముంచారు. "నీ థీసిస్‌కు ఇది అడ్డం కాదు. కంగారుపడకు."

అడ్డమేనని మధ్యాహ్నానికి తేలింది. థీసిస్‌ను పోలికలు పట్టే యంత్రంలో వేసి నివేదిక ఇచ్చేది గ్రంథాలయం. పదోవంతుకు మించి పోలిక ఉండరాదు. రాజశ్రీ ఐదో అధ్యాయంలో నూటికి అరవై ఒక్క పాళ్లు ఎరుపెక్కింది. ఎక్కడినుంచి దించినదో యంత్రం పక్కనే పేర్కొంది: అరుణ్‌కుమార్, భీమేష్. గ్రంథపాలకుడు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"సార్‌ది సూసి రాసినట్టే ఉన్నది గదమ్మా."

"నాది సూసి సార్ రాసిండు."

"అయ్యుండచ్చు. ముందు అచ్చయింది అసలు, ఎనుక వచ్చింది నకలు. మిషిన్‌కు గంతే ఎర్క." ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. "శనివారమే గద మీ ఆఖరు సమీక్ష? ఈ ఎరుపుతోని పోనియ్యరు."

ఐదో అధ్యాయం తీసివేస్తే మిగిలేది ఇతరులు చెప్పినదాన్ని చక్కగా పేర్చిన నాలుగు అధ్యాయాలు. దానికి పట్టా రాదు. మరో ఏడాది, మరో అంశం. ఉంచితే, గురువు సొత్తు కాజేసిన శిష్యురాలన్న మాట. వెనక మెట్ల దగ్గర భీమేష్ కనిపించాడు.

"నాకు ముందుగాల ఎర్కలేదు రాజశ్రీ. నీ పేరు మూడోది పెడ్త అన్నడు సారు. ఆఖరుకు సూస్తే లేదు."

"సూసినంక ఏమన్నవ్?"

అతడు మళ్లీ ఆ గుర్తింపు కార్డును పట్టుకున్నాడు. "నేనేమంట."

"నిచ్చెనెక్కి పెట్టెలు బిగించింది ఎవరు?"

"నువ్వే."

"గదన్న అనకపోయినవా" అని ఆమె మెట్లు దిగింది.

*

మంగళవారం పొద్దున్నే లింగంపేట మీదుగా పోయే బస్సులో రాజశ్రీ ఎల్లారెడ్డి చేరింది. ఇంట్లో ఆమె తల్లి గంగమణి గోడకు చేరగిలబడి, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తడిగుడ్డలో నానిన తునికాకు, రేకు కొలతకు కత్తిరించిన ముక్కలు, చిటికెడు జర్దా. ఎడమ బొటనవేలు ఆకును మలుస్తుంటే కుడిచేయి దారం చుడుతుంది. ఆ రెండూ ఒకదానికోసం ఒకటి ఆగవు.

"ఇయ్యాల ఐతారం గాదు, పండుగ గాదు. గిట్లొచ్చినవేంది?"

"పని వడ్డది అవ్వా."

గంగమణి మరో పది బీడీలు చుట్టి, కూతురి ముందుకు చుట్టిన బీడీలు, చిన్న కత్తి జరిపింది. రాజశ్రీ వాటి ముక్కులను కత్తి కొనతో లోపలికి మలవడం మొదలుపెట్టింది. ఆ పని చేస్తూ జరిగినదంతా చెప్పింది. రేడియో తరంగాలు గంగమణికి అర్థం కాలేదు. తీసుకున్నది మాత్రం అర్థమైంది.

"కార్ఖానల నలబై చాటలు కలగలిపి పోసినా నా బీడి నేను గుర్తువడ్త. ముక్కు మలిచిన తీరులనే ఉంటది."

"గుర్తువట్టినంక ఏం జేస్తవ్?"

"ఏమున్నది చేసేటందుకు. అడిగినోళ్లుంటే చెప్త. లేకుంటే ఇంకోటి చుడ్త." దారం తెంపింది. "నువ్వు ఇంకోటి చుట్టరాదా?"

ఆ మాటే రాజశ్రీ మనసులోనూ ఉంది. పాత అంకెలకు కొత్త వాక్యాలు తొడిగితే ఎరుపు తగ్గవచ్చు. కానీ అంకెలు పాతవే. కొత్తగా కొలిచిన అంకెలు కావాలి. వంతు రోజున, ఏడో పెట్టె పక్కనే కూర్చుని, నీరు వదలకముందూ వదిలాకా గాలిలో తేమ ఎంత పెరిగిందో, సిగ్నలు ఎంత తగ్గిందో గంటగంటకూ చూడాలి. అంత పని వ్యాసంలోనూ లేదు. నిజానికి వంతు రోజున ఏడో తూము దగ్గరికి ఎవరూ ఎన్నడూ పోలేదు. నీరు పారితే అక్కడికి దాటే రాళ్లబాట మునుగుతుంది. అందువల్ల బ్యాటరీ చూడటానికైనా, పెట్టె తుడవడానికైనా కాలువ ఎండి ఉన్న రోజునే ఆమె, భీమేష్ పోయివచ్చేవారు. మూగబోయిన రోజును ఆరు నెలలు కళాశాల గదిలో తెరమీదనే చూశారు.

వంతు బుధవారం.

*

షేర్ ఆటో దిగి, అవతలి గట్టు పట్టుకుని మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి రాజశ్రీ ఏడో తూము చేరేసరికి ఎనిమిది దాటింది. యాసంగి వరి మోకాలెత్తు పెరిగి ఉంది. గట్టు అవతల అడవి. అడవి అంచున రాళ్ల మీద కోతుల మంద పొద్దెండ కాచుకుంటోంది. ఆమె స్తంభానికి నాలుగు గజాల దూరంలో తుంగచాప పరిచి, లాప్‌టాపు తెరిచి, తేమ కొలిచే పరికరాన్ని కర్రకు కట్టింది. తెరమీద సిగ్నలు గీత నిలకడగా, పైన ఉంది.

తొమ్మిదింటికి ఒక టీవీఎస్ మోపెడ్ వచ్చి ఆగింది. తూముల షట్టర్లు ఎత్తే, దించే కాలువ పనివాడిని ఆ ప్రాంతంలో లష్కరు అంటారు. ఆ తూము లష్కరు హనుమాండ్లు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాల. పెట్టె బిగించిన రోజున నిచ్చెన కింద రాయి సర్దినవాడు ఆయనే.

"ఏం బిడ్డా, ఇయ్యాలొచ్చినవ్? నీళ్లిడుస్త గద. మల్ల ఎట్ల దాటుతవ్?"

"చుట్టు తిరిగొచ్చిన బాపు. నీ పని నువ్వు చేసుకో. నేను సూస్త కూసుంట."

"సూడు. కూలి అడుగకు."

ఆయన షట్టరు మరకు ఒండు గీకి, గ్రీజు పూసి, ఇనుప చట్రాన్ని పానాతో మూడుసార్లు కొట్టాడు. లోపల ఏ పామైనా ఉంటే పోవడానికి. తర్వాత చక్రం పట్టి, చుట్టు చుట్టుకూ పైకి లెక్కపెడుతూ తిప్పాడు. పదకొండో చుట్టుకు నీరు మొరాయించడం మాని కిందినుంచి ఎగదన్నింది. రాజశ్రీ పరికరం చూసింది. తేమ పెరుగుతోంది. సిగ్నలు చూసింది. గీత కదలలేదు. పావుగంట గడిచింది. కాలువ నిండింది. రాళ్లబాట మునిగింది. గీత అలాగే, పైనే ఉంది.

నీరుంది, తేమ ఉంది, నీడ లేదు.

హనుమాండ్లు చేతులు కడుక్కుని మోపెడు నుంచి మూడు గిన్నెల స్టీలు టిఫిను తీశాడు. కోతుల వైపు ఒకసారి చూసి, తిన్నగా స్తంభం దగ్గరికి నడిచి, చెయ్యెత్తి, యాంటెన్నాను పట్టి ఉంచిన చిన్న ఇనుప కొక్కేనికి ఆ టిఫిను తగిలించాడు. ఎండ తగలకుండా తలమీది తువ్వాల తడిపి దానిమీద కప్పాడు. నల్లని యాంటెన్నా ఆ మూటలో కనబడకుండా పోయింది.

తెరమీద గీత నిలువునా కిందికి పడింది.

రాజశ్రీ తెరమీదినుంచి యాంటెన్నా వైపు, మళ్లీ తెర వైపు చూసింది. తర్వాత ఎంతో నెమ్మదిగా అడిగింది. "బాపూ, దినాం గాడనే తగిలిస్తవా?"

"దినాం నేనెందుకుంట ఈడ? వంతు నాడే పొద్దుమూకేదాక కావలుంట. కింద వెడ్తే చీమలు, చెట్టుకు వెడ్తే కోతులు. మీ పెట్టె పెట్టినకాంచి నిమ్మలం. గా ఎర్రలైటు మిణుకుమిణుకు మంటది సూడు, గదానికి కోతులు బెదురుతయి. దగ్గరకే రావు."

ఆ ఎర్రదీపాన్ని బ్యాటరీ వృథా అని తీసివేయమని అరుణ్‌కుమార్ అన్నారు. పెట్టె బతికి ఉన్నదని దూరం నుంచి తెలియాలని రాజశ్రీయే ఉంచింది.

"ఒక్కసారి దింపు బాపు."

దింపాడు. గీత లేచింది.

"మల్ల తగిలియ్యి."

తగిలించాడు. గీత పడింది. ఏడుసార్లు అలా దింపించింది, తగిలింపించింది. ఎనిమిదోసారి ఆయన టిఫినును గుండెకు హత్తుకుని ఆగిపోయాడు.

"ఏందో చెప్పు బిడ్డా. పప్పుచారంత అన్నంల కలిసిపాయె."

ఆమె చెప్పింది. పెట్టె మాటను టిఫిను మింగుతోందని, ఆ మౌనానికి తాను ఒక పేరు పెట్టిందని, ఆ పేరు మీద సారు పుస్తకం అచ్చేసుకున్నాడని, అసలు ఆ నీడ లేనే లేదని. హనుమాండ్లు స్తంభానికి అంటించి ఉన్న, అరుణ్‌కుమార్ సంతకంతో ఉన్న హెచ్చరిక కాగితాన్ని చూశాడు.

"నేను సదివిన గద. ముట్టుకుంటే శిచ్చ అని ఉన్నది. తగిలియ్యద్దని ఏడ ఉన్నది?" ఆ హాస్యం నోట్లోనే ఆరిపోయింది. "పెట్టె ఖరాబైతే నా నౌకరి తీస్తమని మా ఇంజనీరు, ఏఈ సాబు అన్నడు. పోతదా బిడ్డా?"

"ఖరాబు కాలేదు బాపు. నీ పేరు నేను చెప్ప. ఎవలడిగినా చెప్ప."

"నీ పరీచ్చ ఎన్నడు?"

"శనివారం. పది గంటలకు."

ఆయన టిఫిను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. చివరికి దాన్ని మోపెడు హ్యాండిలుకు తగిలించి, దాని పక్కనే కర్రతో నిలబడి ఆ రోజంతా కాపలా కాశాడు.

*

గురువారం ఉదయం రాజశ్రీ అరుణ్‌కుమార్ గదికి వెళ్లింది. మూలన కంప్యూటరు ముందు భీమేష్ ఉన్నాడు. తప్పును అందరిముందూ కాక ముందుగా ఆయనకే చెప్పడం ధర్మమని ఆమె దారిపొడవునా అనుకుంటూ వచ్చింది. అంత జరిగినా ఆమెలోని శిష్యురాలు ఇంకా పూర్తిగా లేచి వెళ్లిపోలేదు.

"సార్, నీటినీడ లేదు."

ఆయన శ్రద్ధగా విన్నారు. ఏడుసార్లు పడి లేచిన గీతను చూశారు. మార్కరు మూత తీశారు, పెట్టారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. మీకే."

"మంచిది." ఆయన గొంతు మెత్తబడింది, దసరా ముందు ఆ బోర్డు దగ్గర విన్న గొంతు అది. "చూడు రాజశ్రీ, ఆ వ్యాసానికి విస్తృత రూపం ఒకటి పంపబోతున్నాను. అందులో నీ పేరు వేస్తాను. మూడోది కాదు, రెండోదే. భీమేష్‌ను మూడుకు జరుపుతాను. అధ్యాయం గురించి గ్రంథాలయానికి నేను ఉత్తరం ఇస్తాను. గురుశిష్యుల ఉమ్మడి కృషి అని రాస్తే పోలిక పోలిక కాదు."

మూలన టైపు చప్పుడు ఆగింది.

"అది తప్పు అని తెలిసినంక నా పేరెందుకు సార్?"

"తప్పని ఎవరన్నారు? ఒక పల్లెటూరి మనిషి టిఫిను తగిలించాడని నువ్వంటున్నావు. అతడి పేరేమిటి?"

"అడగలేదు సార్." ఆ రెండేళ్లలో ఆయనతో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

"నీటిపారుదల శాఖకు ఫోను చేస్తే గంటలో తెలుస్తుంది. పరికరాన్ని చెడగొట్టినవాడని రాయవలసి ఉంటుంది. తాత్కాలిక ఉద్యోగే అయి ఉంటాడు. ఆ పని నా చేత చేయించకు." ఆయన ఆ మాటను సలహా చెప్పినంత మర్యాదగా చెప్పారు.

రాజశ్రీ లేచింది. పేరు తీసుకున్నప్పుడు ఆయన తన దగ్గర ఒక వస్తువు తీసుకున్నారని ఆమె అనుకుంది. ఆయన తీసుకున్నది, ఇంతకాలం ఆ గుమ్మం ముందు చెప్పులు విడుస్తున్నప్పుడు తనలో ఉన్న నిశ్చింత అని ఇప్పుడు తెలిసింది. వరండాలో చెప్పులు తొడుక్కుంటుంటే లోపల టైపు చప్పుడు తిరిగి మొదలు కాలేదు.

శుక్రవారమంతా ఆమె పాత ఐదో అధ్యాయాన్ని పక్కన పెట్టి, కొత్తది రాసింది. ఉన్నదనుకున్న నీడ ఎందుకు లేదో, ఎలా తేలిందో. పోలికలు పట్టే యంత్రం దానిలో ఒక్క ఎర్ర వాక్యాన్ని కూడా కనుగొనలేదు. అటువంటిది ఎవరూ ఇదివరకు రాయలేదు.

*

శనివారం సమీక్షలో బయటి పరీక్షకుడిగా స్వామిదాసు నడుమ కూర్చున్నారు. విభాగాధిపతి, అరుణ్‌కుమార్ చెరొకవైపు. విద్యార్థులు గోడ వెంబడి. రాజశ్రీ ఇరవై నిమిషాలు మాట్లాడింది. తేమ పెరిగినా సిగ్నలు తగ్గని గీతను, ఆపైన ఏడుసార్లు పడి లేచిన గీతను చూపింది. యాంటెన్నాకు ఆనుకుని ఒక లోహవస్తువు వేలాడటమే కారణమని చెప్పింది. స్వామిదాసు పెన్ను కింద పెట్టారు.

"ఏమిటా లోహవస్తువు? ఎవరు వేలాడదీశారు?"

"చెప్పలేను సార్."

"తెలియకా, చెప్పకూడదనా?"

"చెప్పనని మాటిచ్చిన సార్."

అరుణ్‌కుమార్ సానుభూతితో తల పంకించారు. "అదే నా అభ్యంతరమూ. కష్టపడే పిల్ల. కానీ సాక్ష్యం లేని కారణం ఊహే అవుతుంది. ఊహను అధ్యాయంగా ఒప్పుకోలేం."

స్వామిదాసు రాజశ్రీ వైపు చూశారు. సాక్ష్యం లేకపోతే తానూ ఒప్పుకోలేనని ఆ చూపులో ఉంది. అప్పుడు తలుపు దగ్గర అటెండరు ఎవరినో వారించడం వినిపించింది.

"లోపట పరీచ్చ నడుస్తుంది, కూసోమంటే కూసోవేందయ్యా?"

"గా పరీచ్చకే నేను."

హనుమాండ్లు లోపలికి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, చంకన గుడ్డసంచి. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. ఎవరికి దండం పెట్టాలో తెలియక ముగ్గురికీ కలిపి ఒకటే పెట్టాడు.

"ఏడో తూము లష్కరును సార్. హనుమాండ్లు నా పేరు. ఆ బిడ్డ చెప్పదు. తగిలిచ్చింది నేను." సంచిలోంచి టిఫిను తీసి బల్లమీద పెట్టాడు. "దీంట్ల అన్నం, పప్పు ఉన్నది. ఖాళీది తేవచ్చు గని, ఆడ ఎప్పటికి నిండుగనే తగిలిస్త గద. ఖాళీదాంతోని సూపెడ్తే కొలత తప్పుతదని."

స్వామిదాసు ఆ టిఫినును చూశారు. తర్వాత లేచి నిలబడి, ఆయనకు తన కుర్చీ చూపారు. ప్రదర్శనకు తెచ్చిన పెట్టె ఒకటి కిటికీ దగ్గర ఉంది. హనుమాండ్లు కూర్చోకుండా దాని దగ్గరికి వెళ్లి, కాలువ గట్టున చేసినట్టే చెయ్యెత్తి తగిలించి, అటెండరు దగ్గర నీళ్లడిగి తువ్వాల తడిపి కప్పాడు. తెరమీద గీత పడింది. తీశాడు. లేచింది. మూడోసారికి ఎవరూ తెర వైపు చూడటం లేదు. అరుణ్‌కుమార్ వైపు చూస్తున్నారు.

"అరుణ్‌కుమార్ గారూ," స్వామిదాసు గొంతు పెంచలేదు. "వంతు రోజున స్వయంగా స్థలంలో ఉండి గమనించామని మీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది. ఎవరు గమనించారు?"

అరుణ్‌కుమార్ భీమేష్ వైపు చూశారు. భీమేష్ గోడ నుంచి వీపు ఎత్తాడు. చెయ్యి గుర్తింపు కార్డు దాకా పోయి దిగిపోయింది.

"ఎవ్వరం పోలేదు సార్. పోయింది రాజశ్రీ ఒక్కతే. మొన్న బుధవారం."

ఆ మాట సోమవారం నాడే చెప్పి ఉంటే రాజశ్రీకి దాని విలువ వేరు. ఇప్పుడు ఆమె అతడి వైపు తిరగలేదు.

ఎవరూ ఎవరినీ దూషించలేదు. కొత్త ఐదో అధ్యాయాన్ని యథాతథంగా ఆమోదిస్తున్నట్టు స్వామిదాసు తన చేత్తో రాసి సంతకం చేశారు. వ్యాసంలోని తప్పు సంగతి ఆ పత్రికకు మీరే రాసుకోవాలని అరుణ్‌కుమార్‌తో అన్నారు. ఆయన రాశారో లేదో రాజశ్రీకి తెలియదు. ఆమె చూసినంతకాలం ఆ వ్యాసం అక్కడే ఉంది. నాలుగు వేళ్లతో సహా.

వరండా చివర హనుమాండ్లు చల్లారిన అన్నం ముందు కూర్చున్నాడు. ఒక గిన్నెలో సగం ఆమెకు పెట్టాడు.

"ఎందుకొచ్చినవ్ బాపు? నీ నౌకరికి ముప్పని ఎర్కలేదా?"

"ఎర్కనే." ఆయన ముద్ద కలిపాడు. "తూము కాడ నాకు ఒకటే పని బిడ్డా. ఎవల వంతు నీళ్లు వాళ్ల మడికి పోవాలె. పెద్దరైతు రాత్రికి రాత్రి గండి కొట్టుకపోతే చిన్నరైతు సప్పుడు చెయ్యడు. భయం. గప్పుడు లష్కరన్న చెప్పాలె. ఆడ చెప్పెటోన్ని, ఈడ నోరు మూసుకుంటే ఎట్ల? తిను. ఉప్పు తక్కువైతే మా ఇంటిదాన్ని తిట్టు."

రెండు వారాల తర్వాత ఆమె పెట్టెలు విప్పడానికి పోయినప్పుడు ఏడో తూము మీద వేరే లష్కరు ఉన్నాడు. హనుమాండ్లును దూరపు ఉపకాలువకు మార్చారని, పొద్దున పోను గంట, రాను గంట అని చెప్పాడు. ఫోను చేస్తే హనుమాండ్లు నవ్వాడు. "మంచిదే బిడ్డా. ఈడ కోతులు తక్కువ."

థీసిస్ గట్టి అట్టలతో బైండింగు అయి వచ్చింది. దానిలో తొలి కృతజ్ఞత మార్గదర్శకుడికి చెప్పడం ఆ కళాశాల ఆనవాయితీ. కార్యాలయపు గుమాస్తా నమూనా పుట కూడా ఇచ్చాడు. రాజశ్రీ ఆ నమూనాను వాడలేదు. గ్రంథమంతా ఇంగ్లీషులో ఉండగా ఆ ఒక్క పుటను మాత్రం, సంబంధించినవారు చదువుకోగలగాలని, తెలుగులో అచ్చు వేయించింది. ధ్రువపత్రం మీద సంతకం చేయడానికి పుటలు తిప్పిన అరుణ్‌కుమార్ ఆ పుట దగ్గర ఆగారు. మొదటినుంచి చివరిదాకా చదివారు. వెనక్కి తిప్పి, సంతకం చేసి, పెన్నుకు మూత పెట్టారు. ఆ పుటలో ఉన్నది ఇది:

"ఈ గ్రంథంలోని ఐదవ అధ్యాయంలో చెప్పినది నిజమని నిలవడానికి కారకులు పోచారం కాలువ ఏడవ తూము లష్కరు శ్రీ హనుమాండ్లు గారు. తన ఉద్యోగానికి ముప్పని ఎరిగి కూడా, ఎవరూ పిలవకుండా, ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వచ్చి, కొలత తప్పకూడదని అన్నంతో నిండిన తన టిఫినునే వెంట తెచ్చి, తన వలన జరిగినదానిని సభలో తానే నిలబడి చెప్పినారు. ఆయన చేసిన ఈ పనిని ఆయన పేరుతోనే ఇక్కడ నమోదు చేసి, నమస్కరిస్తున్నాను."